మ్యాచ్ మాటలు గజిబిజి కాకుండా – 3వ పాఠం: ఓవర్ నంబరే మన గడియారం

పోయిన వారం పాఠం పెట్టలేదు, ఇంట్లో పెళ్లి పనులు, ఏమనుకోకండి. మొదటి పాఠంలో ఒక్కో క్రికెట్ మ్యాచ్‌కి మన చాట్ గ్రూపులో ఒక్క మెసేజే పిన్ చేసి మిగతా మాటలన్నీ దానికిందకే రావాలి అనుకున్నాం కదా, రెండో పాఠంలో టాస్ ముందు మాటలు వేరు చేశాం. ఇవాళ అసలు తలనొప్పి, లైవ్, అంటే మ్యాచ్ నడుస్తుండగా పెట్టే మెసేజ్‌లు.

ముందు మీ హోంవర్క్ సంగతి. పిన్ మెసేజ్‌కి హెడ్డింగ్ రాయమంటే చాలామంది ఉత్త తేదీ రాసి పంపారు. తేదీతో ఇబ్బంది ఏంటో 2023 ఐపీఎల్ ఫైనల్ చూడండి. అహ్మదాబాద్‌లో మే 28న పెట్టిన మ్యాచ్, వాన పడి 29కి పోయింది, ఆ రోజు గుజరాత్ 214 కొట్టాక మళ్లీ వాన, చెన్నై ఛేజింగ్ మూడు బంతులకే ఆగిపోయింది, చివరికి అయ్యేసరికి మన దగ్గర 30వ తేదీ వచ్చేసింది. డల్లాస్‌లో ఉన్న మా బావకి మాత్రం అది ఇంకా 29 మధ్యాహ్నమే. మరి "28 మే" అని హెడ్డింగ్ పెట్టినోడు ఎవరికి అర్థమయ్యేలా పెట్టినట్టు? అందుకే "చెన్నై × గుజరాత్, ఫైనల్" అని మ్యాచ్ పేరు ముందు రాయండి, తేదీ కావాలంటే చివర్లో రాసుకోండి.

టైమ్ కూడా అంతే. రాత్రి ఏడున్నర మ్యాచ్ అంటే హైదరాబాద్‌లో అన్నం వేళ, లండన్‌లో మధ్యాహ్నం మూడు, డల్లాస్‌లో పొద్దున తొమ్మిది. మధ్యాహ్నం మూడున్నర మ్యాచైతే పాపం డల్లాస్ వాళ్లు తెల్లారి ఐదుకి లేవాలి. "ఇప్పుడు", "ఇందాక", "రాత్రి" లాంటి మాటలు మన గ్రూపులో పనికిరావు.

ఇంకో చిక్కుంది, ఇది టైమ్ కన్నా పెద్దది. ఉప్పల్‌లో స్టాండ్‌లో కూర్చున్నోడు అందరికన్నా ముందు చూస్తాడు, టీవీ వాళ్లు కొంచెం వెనక, ఫోన్ యాప్‌లో చూసేవాళ్లు ఇంకా వెనక. ఒకడు "పోయిందిరా" అంటాడు, ఇంకోడి ఫోన్‌లో బౌలర్ ఇంకా రనప్ మొదలుపెట్టనే లేదు. తిట్టుకోవడాలు ఇక్కడే మొదలవుతాయి.

దీనికి నేను వాడే మందు ఒకటే, ప్రతి మెసేజ్ ముందు బ్యాటింగ్ టీమ్ పేరు, బాల్ నంబర్. "చెన్నై 14.3" అంటే 14 ఓవర్లు అయిపోయి 15వ ఓవర్లో మూడో బాల్. ఇక్కడ సగం మంది పొరపాటు పడతారు, పదిహేనో ఓవర్ కదా అని 15.3 అని కొట్టేస్తారు, అది పదహారో ఓవర్ అవుద్ది. వైడో నోబాలో పడితే నంబర్ ముందుకి కదలదు కాబట్టి ఒకే నంబర్ మీద రెండు బంతులు ఉండొచ్చు, అప్పుడు పక్కన "వైడ్" అని చేర్చండి చాలు. టీమ్ పేరు ఎందుకంటే, ఉత్త 14.3 అంటే రెండు ఇన్నింగ్స్‌లోనూ ఉంటుంది కదా.

ఆ ఫైనల్‌నే తీసుకోండి. వాన పడితే టార్గెట్ మార్చే డక్‌వర్త్ లూయిస్ లెక్క ప్రకారం 15 ఓవర్లలో 171 కొట్టాలి, చివరి రెండు బంతులకి పది కావాలి. "చెన్నై 14.5 జడేజా సిక్స్", "చెన్నై 14.6 ఫోర్, అయిపోయింది". రెండేళ్ల తర్వాత ఎవడన్నా వెనక్కి వెళ్లి చూసినా కథ మొత్తం అర్థమైపోద్ది. చెన్నైకి ఆడిన మన గుంటూరు అంబటి రాయుడు చివరి ఐపీఎల్ మ్యాచ్ కూడా అదే, 8 బంతుల్లో 19, ఆ మెసేజ్‌లకి నంబర్లు లేక ఇప్పుడు వెతుక్కుంటున్నా, నా తప్పే.

నంబర్ లేకపోతే ఏమవుద్దో ఇంకోటి చెప్తా. 2024 మార్చి 27, ఉప్పల్, ముంబై మీద మనోళ్లు 277 కొట్టిన రోజు. "సన్‌రైజర్స్ తరఫున ఫాస్టెస్ట్ ఫిఫ్టీ!!" అని మెసేజ్ వచ్చింది, ట్రావిస్ హెడ్, 18 బంతులు. కాసేపటికి మళ్లీ అదే మెసేజ్. ఒరేయ్ పాతదే మళ్లీ పెడతావేంట్రా అని ఒకడు, కాదురా ఇది అభిషేక్ శర్మది, 16 బంతుల్లో అని ఇంకోడు, యాప్‌లో వెనక చూస్తున్నోడికి రెండూ తెలీక మధ్యలో వాడి గోల. రెండు నంబర్లు పెట్టుంటే ఈ గొడవే లేదు.

వెనక చూసేవాళ్లకి రూల్: మీ స్క్రీన్ మీద ఉన్న నంబర్ దాటిన మెసేజ్ కనపడగానే చదవడం ఆపేయండి. నోటిఫికేషన్‌లో ముందే కనపడిపోద్ది కాబట్టి మ్యాచ్ టైమ్‌లో గ్రూప్ మ్యూట్ చేసుకోవాలి, వేరే దారి లేదు. టెలిగ్రామ్ వాడే గ్రూపులైతే మాట మీద ముసుగేసే స్పాయిలర్ ఆప్షన్ ఉంది, వాడుకోండి.

ఇక పొడుగు వాదనలు. బాల్ బాల్‌కి మధ్యలో పది లైన్ల విశ్లేషణ పెట్టేవాళ్లు ప్రతి గ్రూపులో ఒకరుంటారు (మా గ్రూపులో నేనే). వాటిని టైమౌట్‌కి, అంటే ఇన్నింగ్స్ మధ్యలో ఆట ఆపే చిన్న బ్రేక్‌కి దాచుకోండి. ఐపీఎల్‌లో ఇన్నింగ్స్‌కి రెండు టైమౌట్లు, ఒక్కోటి రెండున్నర నిమిషాలు, ఫీల్డింగ్ టీమ్ 6–9 ఓవర్ల మధ్య తీసుకోవాలి, బ్యాటింగ్ టీమ్ 13–16 మధ్య. పవర్‌ప్లే (మొదటి ఆరు ఓవర్లు) గురించి మాట్లాడాలంటే మొదటిది సరిగ్గా సరిపోద్ది, ఎందుకంటే పవర్‌ప్లే అప్పుడే అయిపోయుంటుంది. ఇంపాక్ట్ ప్లేయర్‌గా (మ్యాచ్ మధ్యలో ఒకరి బదులు దింపే ఆటగాడు) ఎవర్ని దింపాలన్న రచ్చ మాత్రం ఇన్నింగ్స్ బ్రేక్‌లో పెట్టుకోండి.

"మ్యాచ్ అయ్యాక" మెసేజ్ మాత్రం చివరి బాల్ పడ్డాకే పిన్ చేయాలి. 2024 ఫైనల్‌లో మనోళ్లు 113కే ఆలౌట్ అయ్యేసరికి మా గ్రూపులో ఇన్నింగ్స్ బ్రేక్‌లోనే పోస్ట్‌మార్టం పెట్టేశారు, కోల్‌కతా 10.3లో కొట్టేసింది కాబట్టి బతికిపోయారు గానీ అది పద్ధతి కాదు. దాని గురించి నాలుగో పాఠంలో.

హోంవర్క్: 2023 ఫైనల్ చివరి ఓవర్ హైలైట్స్ పెట్టుకుని, ఆరు బంతులకీ ఆరు మెసేజ్‌లు నంబర్లతో రాయండి. ఒక్కోటి ఒక్క లైనే. "వావ్" అని మాత్రం రాసి పంపితే తిప్పి పంపేస్తా.