అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో పాట దొరకడం లేదా? ఎక్కడ తేడా కొడుతోందో ఇలా చూడండి

మామూలు సెర్చ్ బాక్సులో పేరు కొడితే వేల ఫలితాలు వస్తాయి. సరే కదా అని అడ్వాన్స్‌డ్ సెర్చ్ తెరిచి తెలిసిన వివరాలన్నీ నింపితే సున్నా. సంగీత ఆర్కైవ్‌ల ఆన్‌లైన్ కేటలాగ్ వాడేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే చిక్కే. చాలాసార్లు మనకు కావలసింది అందులోనే ఉంటుంది. మనం అడిగిన తీరుకూ, దాన్ని నమోదు చేసినవాళ్లు రాసిన తీరుకూ పొంతన కుదరదు, అంతే. కేటలాగ్‌కు పాట తెలియదు. ఆ పాట గురించి ఎవరో ఎప్పుడో టైప్ చేసిన అక్షరాలు మాత్రమే తెలుసు. కింద చెప్పే తంటాల్లో ముప్పాతిక భాగం ఇక్కడినుంచి పుట్టినవే.

ఇంటర్నెట్ ఆర్కైవ్, డిస్కాగ్స్, మ్యూజిక్‌బ్రెయిన్జ్, పెద్ద లైబ్రరీల కేటలాగ్‌లు చూడటానికి వేరువేరుగా ఉన్నా లోపల జరిగే పని ఇంచుమించు ఒకటే. అందుకే ఏ సైటుకు ఆ సైటు అని కాకుండా, కనబడే లక్షణాన్ని బట్టి చెబుతున్నాను. ఇందులో ఎంట్రీ అంటే కేటలాగ్‌లోని నమోదు, రికార్డు అంటే డిస్కు.

సమస్య: అన్ని బాక్సులూ నింపితే ఒక్క ఫలితమూ రాదు

కారణం: బాక్సుకూ బాక్సుకూ మధ్య కనబడకుండా ఒక 'ఆండ్' ఉంటుంది. పాడినవారు, స్వరకర్త, శీర్షిక, లేబుల్ (రికార్డు కంపెనీ పేరు), సంవత్సరం ఇలా ఐదు నింపితే ఆ ఐదూ ఒకే ఎంట్రీలో సరిపోవాలి. నాలుగు సరిపోయి, ఐదోది ఎంట్రీలో ఖాళీగా ఉన్నా మీకు సున్నానే. పాత రికార్డుల ఎంట్రీల్లో ఇలాంటి ఖాళీలు బోలెడు.

పరిష్కారం: ఒక్క బాక్సు ఉంచి మిగతావన్నీ తుడిచేయండి. ఉంచేది అన్నిటికంటే అరుదైన మాట అయ్యుండాలి. ఇంటిపేరో, శీర్షికలోని వింత పదమో ఉంచండి. సంవత్సరం, భాష, ఫార్మాట్ లాంటివి ఉంచకండి. ఫలితాలు వచ్చాక ఒక్కో బాక్సు చేరుస్తూ పోండి. నలభై ఉన్నవి ఏ బాక్సు చేర్చగానే సున్నా అయ్యాయో అదే దొంగ. 

దీనికే ఇంకో చిన్న కారణం కూడా ఉంది. నిన్నటి ఫిల్టర్లు ఇవాళ కూడా అంటుకుని ఉంటాయి. 'ఆన్‌లైన్‌లో వినగలిగేవి మాత్రమే' అన్న టిక్కు పక్క పట్టీలో ఎక్కడో కింద ఉండిపోతుంది, మనం పైన బాక్సులు మార్చుకుంటూ తలపట్టుకుంటాం. ముందు రీసెట్ నొక్కండి. అనుమానం తీరకపోతే ప్రైవేట్ విండోలో తెరిచి చూడండి.

సమస్య: పేరు సరిగ్గానే కొట్టాను, అయినా సగమే వస్తున్నాయి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మిగతా అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది.

రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీని తీసుకోండి. ఇంగ్లీషు కేటలాగ్‌లో ఆయన పేరు టీ అక్షరంతో మొదలవుతుంది. జర్మన్ లేబుళ్ల మీదా మొదలు టీ యే కానీ తర్వాతి అక్షరాలు వేరు. సిరిలిక్ లిపిని అక్షరానికి అక్షరం మార్చే శాస్త్రీయ పద్ధతి పాటించేచోట సీ మీద చిన్న గుర్తు పెట్టి మొదలుపెడతారు. అంటే అక్షరక్రమంలో ఒకే మనిషి రెండు మూలల్లో ఉంటాడు. హ్యాండెల్ పేరులో ఏ మీద చుక్కలు ఉండటం, లేకపోవడం, చుక్కలకు బదులు ఏఈ అని రాయడం అన్నీ చూస్తాం. 

మన సంగీతం దగ్గరికొస్తే గందరగోళం ఇంకా ఎక్కువ. త్యాగరాజు పేరును టీ తర్వాత హెచ్ పెట్టి రాసేవారున్నారు, పెట్టనివారున్నారు, వై బదులు ఐ వాడేవారున్నారు, అచ్చుల మీద గీతలు గీసే లైబ్రరీలూ ఉన్నాయి. 'ఎందరో' అన్న ఒక్క మాటనే తీసుకోండి. ఈ తో మొదలుపెట్టవచ్చు, వై తో మొదలుపెట్టవచ్చు. 'ద' కోసం డీ, డీహెచ్, టీహెచ్ మూడూ వాడతారు. ఆరు రకాలు అక్కడే తేలాయి. మొదటి అక్షరమే మారిపోతుంటే, చివర నక్షత్రం గుర్తు (*) పెట్టి మిగతాది వదిలేసే చిట్కా కూడా పనిచేయదు. నక్షత్రాన్ని మాట మొదట్లో పెట్టడానికి చాలా సైట్లు ఒప్పుకోవు.

పరిష్కారం ఇలా చేయండి. ముందు ఆ సైటులో పేర్ల జాబితా, అంటే 'బ్రౌజ్' లేదా 'అథారిటీ' అన్న లింకు ఉందేమో చూడండి. ఇంటిపేరు ముందు పెట్టి వెతకండి. మంచి కేటలాగ్‌లో ఒక వ్యక్తికి ఒక ఖాయమైన రూపం ఉంటుంది, మిగతా రూపాలన్నీ దానికి దారి చూపిస్తాయి. మ్యూజిక్‌బ్రెయిన్జ్ వీటిని 'ఏలియాస్' అంటుంది. డిస్కాగ్స్‌లో ఒక కళాకారుడి పేజీలోనే పేరు ఎన్ని రకాలుగా అచ్చయిందో కనబడుతుంది. అక్కడే ఒకే పేరున్న వేరువేరు మనుషులకు పేరు పక్కన బ్రాకెట్లో 2, 3 అని అంకెలు ఉంటాయి. అవి చూడకుండా ముందుకెళితే ఎవరి పాటలో ఎవరికో అంటగడతాం.

అలాంటి జాబితా లేకపోతే, ఎలాగోలా ఒక్క సరైన ఎంట్రీ పట్టుకోండి. పట్టుకున్నాక ఫలితాల పేజీలోంచి వెనక్కి రాకండి. ఎంట్రీ తెరిచి 'పూర్తి వివరాలు' నొక్కండి. పేరు ఏ రూపంలో ఉంది, రాగం ఏ స్పెల్లింగులో ఉంది, విషయం దగ్గర ఏ మాట వాడారు, లేబుల్ పేరు చిన్నదిగా రాశారా పూర్తిగా రాశారా, అన్నీ అక్కడే ఉంటాయి. ఆ అక్షరాలనే కాపీ చేసి మళ్లీ వెతకండి. నన్నడిగితే అడ్వాన్స్‌డ్ సెర్చ్ సహాయ పేజీలన్నీ చదవడం కంటే ఈ ఒక్క అలవాటు ఎక్కువ పనికొస్తుంది. 

స్పెల్లింగుతో ఎంత కుస్తీ పట్టినా లొంగకపోతే, పేరు వదిలేసి వేరే పట్టు చూసుకోండి. వాద్యం, రాగం, లేబుల్ నంబర్ ఇలా స్పెల్లింగు గొడవ తక్కువ ఉన్నది ఏదైనా సరే.

సమస్య: పాశ్చాత్య శాస్త్రీయ కృతి అందరికీ తెలిసినదే, కేటలాగ్‌కు మాత్రం తెలియదంటోంది

కారణం: జనంలో ఉన్న ముద్దుపేరు ఒకటి, కేటలాగ్ శీర్షిక ఒకటి. బీథోవెన్ 'మూన్‌లైట్' అని మనం అనేది లైబ్రరీ పద్ధతిలో 'సొనాటాలు, పియానో, నం. 14, ఓపస్ 27, నం. 2, సి షార్ప్ మైనర్' అవుతుంది. ఓపస్ అంటే స్వరకర్త రచనలకు ఇచ్చే వరుస సంఖ్య. ముద్దుపేరు ఎంట్రీలో ఎక్కడైనా ఉంటే మన అదృష్టం.

నంబర్లు కూడా నిలకడగా ఉండవు. ద్వొర్జాక్ 'న్యూ వరల్డ్' సింఫనీ ఇప్పుడు 9వది, కానీ పాత రికార్డుల మీద 5 అని ఉంటుంది. 9 అని వెతికితే ఆ పాత రికార్డులన్నీ జారిపోతాయి. మోజార్ట్ రచనలకు కొషెల్ 1862లో వేసిన వరుస సంఖ్యలను 1964 నాటి ఆరో ముద్రణ చాలాచోట్ల మార్చింది. 183గా అందరికీ తెలిసిన జి మైనర్ సింఫనీ అందులో 173డీబీ. స్కార్లాటీ సొనాటాలకైతే లాంగో ఇచ్చిన అంకెలు ఒక వరుస, కిర్క్‌పాట్రిక్ 1953లో ఇచ్చినవి ఇంకో వరుస. కిర్క్‌పాట్రిక్ 380 అన్నా లాంగో 23 అన్నా ఒకటే సొనాటా. పైగా కిర్క్‌పాట్రిక్‌కూ కొషెల్‌కూ గుర్తు కె అక్షరమే కాబట్టి, స్వరకర్త పేరు లేకుండా అంకె ఒక్కటే కొడితే మోజార్ట్ వచ్చి కూర్చుంటాడు.

పరిష్కారం: స్వరకర్త ఇంటిపేరు ఒక బాక్సులో, అంకె ఒక్కటే ఇంకో బాక్సులో వేయండి. 'ఓపస్', 'నం.' లాంటి మాటలు, చుక్కలు వదిలేయండి. పాత అంకె, కొత్త అంకె మధ్య 'ఆర్' పెట్టండి. శ్రుతి పేరుతో (సి షార్ప్ మైనర్ లాంటిది) వెతకడం చివరి దారిగా ఉంచుకోండి. జర్మన్ ఎంట్రీల్లో హెచ్ అంటే మన బి, వాళ్ల బి అంటే మన బి ఫ్లాట్. ఈ తేడా తెలియకపోతే బాఖ్ బి మైనర్ మాస్‌ను అక్కడ జన్మలో పట్టుకోలేరు. 

సమస్య: అర్థంలేని ఫలితాలు వస్తున్నాయి, లేదా ఎర్రర్ చూపిస్తోంది

సెర్చ్ బాక్సులో కొన్ని గుర్తులకు ప్రత్యేకమైన అర్థాలున్నాయి. మీరు మామూలుగా కొట్టినదాన్ని అది ఆజ్ఞగా తీసుకుంటుంది. 

వర్డ్ ఫైల్‌లోంచో వాట్సాప్‌లోంచో శీర్షిక కాపీ చేస్తే కోట్స్ వంపు తిరిగి వస్తాయి. కొన్ని సైట్లు నిటారు కోట్స్ ( " ) ఉంటేనే పదబంధంగా గుర్తిస్తాయి. వంపు కోట్స్ చెరిపి కీబోర్డుతో మళ్లీ కొట్టండి. కోట్స్ లోపల నక్షత్రం గుర్తు చాలాచోట్ల పనిచేయదు, అది కూడా చూసుకోండి.

చాలా సైట్లలో 'ఆండ్', 'ఆర్', 'నాట్' ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. చిన్న అక్షరాల్లో కొడితే మామూలు మాటలుగా లెక్కేస్తుంది. శీర్షికలో కోలన్ ఉంటే దాని ముందున్న మాటను ఫీల్డ్ (ఎంట్రీలోని ఒక గడి) పేరనుకుంటుంది. ఏసీ/డీసీ లాంటి పేర్లలోని ఏటవాలు గీత (/) కూడా ల్యూసీన్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ పద్ధతి వాడే సైట్లను తికమక పెడుతుంది. అలాంటప్పుడు మొత్తాన్ని కోట్స్‌లో పెట్టండి, లేదా గుర్తు తీసేసి ఖాళీ వదలండి.

షార్ప్ గుర్తు మరీ మోసగత్తె. సంగీతంలో వాడే ♯ వేరు, కీబోర్డు మీద ఉండే # వేరు. రెంటినీ ఒకటిగా చూడాలని సైటుకు నేర్పితేనే చూస్తుంది. పైగా అడ్రస్ బార్‌లో నేరుగా # కొడితే దాని తర్వాతి భాగాన్ని బ్రౌజర్ సర్వర్‌కు పంపనే పంపదు. 'షార్ప్' అని అక్షరాల్లో కొట్టి చూడండి.

సమస్య: సంవత్సరం పెట్టగానే పాత రికార్డులన్నీ మాయం

78 ఆర్‌పీఎం డిస్కుల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డుల) లేబుళ్ల మీద తేదీ వేయడం అరుదు. కేటలాగ్ రాసినవారు ఆ ఫీల్డును ఖాళీగా వదిలేస్తారు, లేదా '192-' అనో, పక్కన ప్రశ్నార్థకం పెట్టో రాస్తారు. తేదీ ఫిల్టర్ పెట్టగానే ఖాళీగా ఉన్నవన్నీ రాలిపోతాయి. ఇంకో తిరకాసు ఏమిటంటే, రికార్డు చేసిన ఏడు వేరు, విడుదలైన ఏడు వేరు. 1930లో పాడింది 1990లో సీడీగా వస్తే, ఎంట్రీలో 1990 ఉండొచ్చు.

కాబట్టి తేదీతో వడపోయకుండా తేదీ వరుసలో పేర్చి చూడండి. తేదీ లేనివి మొదట్లోనో చివర్లోనో గుంపుగా కనబడతాయి. తప్పదనుకుంటే ఒక్క ఏడు కాకుండా అటూ ఇటూ పదేళ్ల వ్యవధి ఇవ్వండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చదరపు బ్రాకెట్లలో మొదటి తేదీ, చివరి తేదీ పెట్టి మధ్యలో పెద్ద అక్షరాల్లో 'టు' అని రాస్తే ఆ వ్యవధి మొత్తం చూస్తుంది.

సమస్య: డిస్కు మీది నంబరే కొట్టాను, వేరే పాట వచ్చింది

డిస్కు మీద రెండు రకాల నంబర్లుంటాయి. లేబుల్ మీద ప్రముఖంగా అచ్చేసింది కేటలాగ్ నంబర్, అది దుకాణంలో అమ్మడానికి ఇచ్చింది. లేబుల్‌కూ గాడులకూ మధ్య నున్నటి చోట చెక్కింది మ్యాట్రిక్స్ నంబర్, అది ఆ రికార్డింగుది. రెండు వైపులా పాటలున్న డిస్కుకు మామూలుగా కేటలాగ్ నంబర్ ఒకటి, మ్యాట్రిక్స్‌లు రెండు. ఒకే మ్యాట్రిక్స్ తర్వాత వేరే కేటలాగ్ నంబర్లతో కూడా విడుదలై ఉండొచ్చు. కాబట్టి నంబర్‌ను ఏ బాక్సులో కొడుతున్నారో చూసుకోండి. 

డిస్కును దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే చెక్కిన అంకెలు తేలతాయి. చివర విడిగా ఉన్న చిన్న అంకె టేక్ నంబర్ కావచ్చు. అంటే అదే పాటను ఎన్నోసారి రికార్డు చేశారన్నది. దాన్ని వదిలేసి వెతకండి. ముందున్న అక్షరానికీ విలువుంది. విక్టర్ కంపెనీ పాత మ్యాట్రిక్స్‌లలో బి అంటే 10 అంగుళాల డిస్కు, సి అంటే 12 అంగుళాలది. ఖాళీ, హైఫన్ ఉండటం లేకపోవడం వల్ల కూడా ఫలితాలు మారతాయి, కాబట్టి రెండు రకాలుగానూ కొట్టండి. విక్టర్, కొలంబియా లాంటి అమెరికన్ కంపెనీల రికార్డులకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరా నడిపే డిస్కోగ్రఫీలో మ్యాట్రిక్స్ ద్వారా వెళ్లడమే దగ్గరి దారి.

సమస్య: పేరు తెలియదు, బాణీ మాత్రం గుర్తుంది

పాత చేతిరాత, అచ్చు స్వరప్రతులదైతే రిజ్మ్ (పాత స్వరప్రతుల అంతర్జాతీయ జాబితా) కేటలాగ్‌లో స్వరాలతోనే వెతకవచ్చు. తెర మీద పియానో మెట్లు నొక్కి మొదటి ఆరేడు స్వరాలు ఇవ్వండి. గమకాలూ అలంకారాలూ వదిలేయండి. ఇది ఎత్తుగడను మాత్రమే పోలుస్తుంది, మధ్యలోని చరణం ఇస్తే లాభం లేదు. రికార్డింగులకు ఈ దారి లేదు.

సమస్య: ఎంట్రీ దొరికింది, ప్లే బటన్ లేదు

అది సెర్చ్ తప్పు కాదు. కేటలాగ్‌లో ఉండటం వేరు, డిజిటైజ్ కావడం వేరు, హక్కులు తీరడం ఇంకా వేరు. అమెరికా చట్టం ప్రకారం 1923కు ముందు విడుదలైన సౌండ్ రికార్డింగులు 2022 జనవరి 1న అక్కడ పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చాయి, ఆ తర్వాతివి విడతలవారీగా వస్తున్నాయి. మిగతావాటికి ఎంట్రీలో 'లైబ్రరీలో మాత్రమే' అన్న సూచన ఉంటే, కాల్ నంబర్ (లైబ్రరీలో అది ఉన్న చోటు చెప్పే సంఖ్య) రాసుకుని ఆర్కైవ్‌కు మెయిల్ పెట్టడమే మార్గం. మెయిల్‌లో అడ్రస్ బార్‌లోని పొడుగాటి లింకు అతికించకండి. అది సెషన్‌తో పాటే చచ్చిపోవచ్చు. ఎంట్రీలో 'పర్మలింక్' (మారని లింకు) అని ఉన్నది, లేదా ఐడీ నంబర్ పంపండి.