చిట్టెలుక నేర్చుకోవడం లేదా? ముందు నీటి చుక్కను తూచండి

ప్రయోగశాల చిట్టెలుక శబ్దం విని, ఎడమ రంధ్రమో కుడి రంధ్రమో ముక్కు పెట్టి ఎంచుకోవాలి, సరిగ్గా ఎంచుకుంటే ఒక చుక్క నీరు. మనిషి పక్కన లేకుండా ఇదే శిక్షణ నడిపే పెట్టెల్లో స్కోరు పడిపోగానే అందరూ జంతువునే అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు నీటిని వదిలే వాల్వ్‌లోనో, వైర్‌లోనో, ప్రోగ్రామ్‌లోనో ఉంటుంది. అవి తేలాకే ఎలుక సంగతి.

సమస్య: రోజూ 300 ట్రయళ్లు (ఒక్కో ఎంపిక ఒక ట్రయల్) చేసేది 80, 90కే ఆపేస్తోంది.

చుక్క పెద్దదై ఉండొచ్చు. 3 మైక్రోలీటర్ల చొప్పున 300 ట్రయళ్లకు 0.9 మిల్లీలీటరు అవుతుంది. అదే చుక్క 10 మైక్రోలీటర్లకు పెరిగితే 90 ట్రయళ్లకే అంత నీరూ తాగేసి, దాహం తీరి పడుకుంటుంది. చుక్క మరీ చిన్నదైనా ఆపేస్తుంది, కష్టానికి తగ్గ ఫలం లేదు మరి. రెండింటికీ పరీక్ష ఒకటే. ఖాళీ గిన్నెను తూచి, వాల్వ్‌ను 100 సార్లు తెరిచి, మళ్లీ తూచండి. 0.3 గ్రాములు పెరిగితే చుక్క 3 మైక్రోలీటర్లు. వాల్వ్‌ను 20, 30, 40, 60 మిల్లీసెకన్ల చొప్పున తెరిచి విడివిడిగా కొలిచి గీత గీయండి. రెట్టింపు సేపు తెరిస్తే రెట్టింపు నీరు వస్తుందని లెక్కేయకండి, తక్కువ సమయాల్లో వాల్వ్ అలా నడవదు.

నిన్న సరిగ్గా ఉన్న చుక్క ఇవాళ తగ్గిందంటే మూడు కారణాలు చూడాలి. సీసాలో నీటిమట్టం దిగితే ఒత్తిడి తగ్గుతుంది, కాబట్టి పొడవాటి సిరంజి బదులు వెడల్పు గిన్నె వాడండి. గొట్టంలో గాలిబుడగ ఉంటే తట్టి బయటికి పంపండి. మూడోది హైదరాబాద్‌లో మరీ ఎక్కువ: బోరు నీళ్ల ఉప్పు వాల్వ్ లోపల పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరేది పోయకండి. చక్కెర నీళ్లు ఇస్తుంటే ప్రతి సెషన్ తర్వాత మామూలు డిస్టిల్డ్ నీటితో గొట్టాలు కడగాలి, లేకపోతే వాల్వ్ అంటుకుపోతుంది.

సమస్య: వాల్వ్ తెరుచుకున్న క్షణంలోనే ఆర్డ్యుయినో (పెట్టెను నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు) రీసెట్ అవుతోంది.

వాల్వ్‌ను తెరిచే విద్యుత్ కాయిల్ (సొలెనాయిడ్) ఆగినప్పుడు కాయిల్ నుంచి వెనక్కి తన్నే వోల్టేజీని ఆపడానికి కాయిల్‌కు అడ్డంగా, తిరగేసి ఒక 1ఎన్4007 డయోడ్ పెట్టండి. వాల్వ్‌కు వేరే 12 వోల్టుల సప్లై ఇచ్చి, గ్రౌండ్ మాత్రం కలపండి. కోఠి గుజరాతీ గల్లీలో మాస్‌ఫెట్ (బోర్డు పిన్ మాట విని వాల్వ్ కరెంటును స్విచ్ చేసే ట్రాన్సిస్టర్) అడిగితే ఐఆర్‌ఎఫ్540 చేతిలో పెట్టొచ్చు. 5 వోల్టుల పిన్‌తో అది పూర్తిగా తెరుచుకోదు, వేడెక్కుతుంది. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ లాంటి లాజిక్ లెవెల్‌ది అడిగి తీసుకోండి.

సమస్య: కరెంటు పోయి వచ్చాక పెట్టె నిండా నీళ్లు.

బోర్డు మేల్కొనే లోపు పిన్‌కు ఏ స్థితీ ఉండదు, మాస్‌ఫెట్‌ను నడిపే కాలు, అంటే గేటు, గాలిలో తేలుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. గేటుకూ గ్రౌండ్‌కూ మధ్య 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి చాలు. రూపాయి ఖర్చు లేని ఈ భాగాన్ని వదిలేస్తే తడిసి చలికి వణికేది ఆ జంతువే. కంప్యూటర్‌ను మామూలు ఇన్వర్టర్ మీద కాకుండా ఆన్‌లైన్ యూపీఎస్ మీద పెట్టండి. ఇన్వర్టర్ మారే ఆ కాస్త గ్యాప్‌లో కూడా డేటా పోవచ్చు.

సమస్య: ఎలుక రంధ్రం దగ్గర లేకపోయినా ముక్కు పెట్టినట్టే నమోదవుతోంది.

ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ మీద వరి పొట్టు దుమ్మో, ఎండిన మూత్రమో ఉంటుంది. రోజూ తుడవండి. కిటికీ ఎండ పడితే దీనికి సరిగ్గా తిరగబడి, ముక్కు పెట్టినా నమోదు కాదు.

సమస్య: ఎప్పుడూ ఎడమవైపే వెళ్తోంది.

ముందు రెండు వాల్వ్‌లనూ విడిగా తూచండి, ఎడమ చుక్క పెద్దదైతే ఎలుక తప్పేమీ లేదు. తర్వాత ప్రోగ్రామ్‌లో రాండమ్‌సీడ్, అంటే ఎడమ-కుడి వరుసను యాదృచ్ఛికంగా మొదలుపెట్టే అంకె, చూడండి. అది ఇవ్వకపోతే ఆర్డ్యుయినో ప్రతిసారీ అదే వరుస ఇస్తుంది. రెండూ సరిగ్గా ఉంటే, తప్పు చేసిన ట్రయల్‌నే ఒప్పు చేసేదాకా మళ్లీ ఇవ్వండి. ఈ దిద్దుబాటు ట్రయళ్లను స్కోరులో కలపకూడదు.

సమస్య: ప్రోగ్రామ్ శిక్షణలో తర్వాతి స్టేజ్‌కు పంపింది, అక్కడ స్కోరు 50 శాతం, అంటే గుడ్డిగా ఎంచుకున్నట్టే.

గత 20 ట్రయళ్లలో 15 ఒప్పైతే దాటించమని రాసి ఉంటారు. గుడ్డిగా ఎంచుకున్నా ఒక 20లో అలా జరిగే అవకాశం సుమారు 2 శాతం. ప్రతి ట్రయల్‌కూ చూస్తూ పోతే వేల ట్రయళ్లలో ఎప్పుడో తగులుతుంది. 100 ట్రయళ్ల మీద 75 శాతం, ప్రతి వైపూ విడిగా 70 దాటాలి అని మార్చండి. వెనక్కి పంపే దారి కూడా ఉండాలి: రెండు రోజులు 60 దిగువనే ఉంటే పాత స్టేజ్‌కు.

బోనాలప్పుడూ గణేశ్ నిమజ్జనం రోజుల్లోనూ డప్పులు, డీజేల వల్ల ట్రయళ్లు తగ్గితే స్టేజ్ మార్చకండి. ఆ తేదీలు లాగ్‌లో రాసి, విశ్లేషణలో విడిగా చూడండి. మనకు 20 కిలోహెర్ట్జ్ పైన వినపడదు గానీ చిట్టెలుకకు 80 దాకా వినపడుతుంది, కాబట్టి గదిలో పవర్ సప్లైల కూతను కూడా మీ చెవులతో తేల్చకండి, అల్ట్రాసౌండ్ మైకుతో చూడండి.

ఏ సమస్యలోనైనా రోజూ ఒకే వేళకు బరువు తూచడం ఆపకూడదు. కిలోకు 40 మిల్లీలీటర్ల లెక్కన 25 గ్రాముల చిట్టెలుకకు రోజుకు ఒక మిల్లీలీటరు నీరు. మీ ఎథిక్స్ కమిటీ అనుమతించిన అంకె వేరైతే అదే పాటించండి. యంత్రం ఇచ్చింది తక్కువైతే మిగతాది సాయంత్రం చేత్తో ఇవ్వండి. వాల్వ్ పాడైన రోజు ఎలుక దాహంతో నిద్రపోకూడదు.