పరాయి దేశంలో ఇంటి రుచి రావడం లేదా? తప్పు మీ చేతిది కాదు

ఇంటి నుంచి తెచ్చుకున్న అదే టీ పొడి. అదే కొలత, అదే గిన్నె. కప్పులో పోస్తే మాత్రం రంగు నల్లబడి, పైన సన్నటి తెట్టు. గుక్క వేస్తే చప్పగా, మట్టి తగిలినట్టు. దేశం మారిన కొత్తలో నాకు ఎదురైన మొదటి సమస్య ఇదే. వారం రోజులు పొడి మార్చాను, పాలు మార్చాను, నా చేతికే రుచి పోయిందేమో అని దిగులు పడ్డాను. ఒక రోజు పొద్దున కెటిల్ లోపలికి చూస్తే అడుగంతా సున్నం వేసినట్టు తెల్లగా పొర కట్టి ఉంది. గోటితో గీకితే పెచ్చులుగా ఊడి వచ్చింది. సమస్య నీళ్లలో ఉందని అప్పుడు గానీ తెలియలేదు.

దేశం దాటిన వాళ్లు చాలామంది "ఇక్కడ ఏం చేసినా ఆ రుచి రాదు" అని వదిలేస్తారు. వదిలేయకండి. రుచి పోవడానికి ఎక్కువసార్లు ఒకే ఒక్క కారణం ఉంటుంది: నీళ్లో, పిండో, మంటో, కొలతో. దాన్ని పట్టుకునే పద్ధతీ ఒకటే. ఒకసారికి ఒక్కటే మార్చండి. పొడీ, పాలూ, నీళ్లూ ఒకేసారి మారిస్తే రుచి బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

టీ మీద తెట్టు, చప్పటి రుచి

కారణం: కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న హార్డ్ వాటర్. నీళ్లలోని కాల్షియం, బైకార్బొనేట్ టీలోని పదార్థాలతో కలిసి పైన పొర కడతాయి. వాసన అణిగిపోతుంది, రంగు ముదురుతుంది.

ముందు నిర్ధారణ చేసుకోండి. ఖనిజాలు తక్కువని లేబుల్ మీద ఉన్న సీసా నీళ్లు ఒకటి కొని, కుళాయి నీళ్లతో ఒక కప్పు, ఆ నీళ్లతో ఒక కప్పు పక్కపక్కన పెట్టండి. తేడా కంటికే కనిపిస్తే కారణం దొరికినట్టే. ఇక రోజూ సీసాలు మోయక్కర్లేదు, కార్ట్రిడ్జ్ ఉన్న ఫిల్టర్ జగ్గు చాలు. దాన్ని గడువుకు మార్చకపోతే మళ్లీ మొదటికే వస్తారు. పాలు పోయని టీ అయితే రెండు చుక్కల నిమ్మరసం వేసినా తెట్టు విరిగిపోతుంది. కెటిల్‌లోని పొరకు వెనిగర్, నీళ్లు సమంగా పోసి కాచి, అరగంట ఉంచి, రెండుసార్లు బాగా కడగాలి.

పప్పులు, గింజలు గంటలు గడిచినా ఉడకవు

దీనికి మూడు కారణాలుంటాయి. ఏది మీదో చూసుకోవాలి.

మొదటిది మళ్లీ నీళ్లే. గింజ పొట్టులో కణాలను పట్టి ఉంచే పెక్టిన్‌ను కాల్షియం గట్టిపరుస్తుంది. రాత్రి నానబెట్టే నీళ్లలో కాస్త ఉప్పు వేయండి. ఉప్పులోని సోడియం కాల్షియం చోటులోకి చేరి పొట్టు మెత్తబడుతుంది. మరీ మొండిగా ఉంటే చిటికెడు వంట సోడా. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, అందుకే చిటికెడే.

రెండోది గింజల వయసు. అమ్ముడుపోక ఏళ్ల తరబడి అరలో కూర్చున్న గింజలు ఎంత నానినా మెత్తబడవు. ఆ సరుకు చురుగ్గా అమ్ముడయ్యే దుకాణం వెతుక్కోవడం తప్ప దీనికి మందు లేదు.

మూడోది ఎత్తు. సముద్ర మట్టం నుంచి సుమారు 300 మీటర్లు పైకి వెళ్తే నీళ్లు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్న మెక్సికో సిటీలో నీళ్లు 92, 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 3,600 మీటర్లు దాటిన లా పాజ్‌లో 88 దగ్గరే. గిన్నెలో నీళ్లు తెర్లుతూ కనిపిస్తాయి గానీ గింజకు చాలినంత వేడి అందదు. అలాంటి చోట ప్రెషర్ కుక్కర్ లేకుండా పప్పు వండాలనుకోవద్దు.

పులుపు ఎప్పుడూ చివర్లోనే వేయండి, ముందే వేస్తే గింజ బిర్రబిగుస్తుంది. ఇంకో జాగ్రత్త: కొత్త దేశంలో చవగ్గా దొరికిందని స్లో కుక్కర్ కొని, ఎర్రటి రాజ్మా గింజలను నేరుగా అందులో పడేయకండి. వాటిలో కడుపును పాడుచేసే విషపదార్థం ఉంటుంది, సన్న సెగకు అది పోదు. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లనిచ్చి ఆ తర్వాతే కుక్కర్‌లోకి మార్చాలి.

రొట్టె తోలులా సాగుతోంది, లేదా బన్నులా పొంగుతోంది

సంచి మీద "గోధుమ పిండి" అని ఉంటే చాలదు. కేకులకు వాడే పిండిలో ప్రోటీన్ సుమారు 7 నుంచి 9 శాతం, అన్నిటికీ వాడేదాంట్లో 10 నుంచి 12, బ్రెడ్ పిండిలో 12 నుంచి 14 దాకా ఉంటుంది. ప్రోటీన్ పెరిగే కొద్దీ జిగురు పెరుగుతుంది. మెత్తటి పలచని రొట్టెకు బ్రెడ్ పిండి వాడితే ఒత్తినకొద్దీ వెనక్కి ముడుచుకుంటుంది, చల్లారాక తోలవుతుంది. ప్యాకెట్ వెనక పోషకాల పట్టికలో 100 గ్రాములకు ప్రోటీన్ ఎంతో చూసి కొనండి. భాష రాకపోయినా ఆ అంకె చదవగలం.

జర్మనీలో పిండి ప్యాకెట్ మీద 405, 550, 1050 అని ఉంటుంది. ఫ్రాన్స్‌లో T45, T55, T65. అవి ప్రోటీన్ అంకెలు కావు. పిండిని కాలిస్తే మిగిలే బూడిదను బట్టి వేసినవి. అంకె పెరిగితే పొట్టు భాగం ఎక్కువ, రంగు ముదురు అని అర్థం.

బన్నులా పొంగి, నాలుకకు ఉప్పగా, సోడా చేదుగా తగిలితే మీరు తెచ్చింది సెల్ఫ్ రైజింగ్ పిండి. బేకింగ్ పౌడర్ అందులో ముందే కలిపి ఉంటుంది. దాన్ని కేకులకు పక్కన పెట్టేసి వేరేది తెచ్చుకోండి. ముడి గోధుమ పిండి అయితే నీళ్లు కాస్త ఎక్కువ పోసి, కలిపిన ముద్దను తడిగుడ్డ కింద అరగంట ఉంచాలి. పొట్టు నీళ్లు పీల్చుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

కొలత ప్రకారమే చేసినా కుదరదు

"కప్పు" అన్ని దేశాల్లోనూ ఒకటి కాదు. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250, జపాన్‌లో 200. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180. ఆ చిన్న కప్పుతో బియ్యం పోసి, వేరే కప్పుతో నీళ్లు పోస్తే అన్నం జావ అవుతుంది. టేబుల్ స్పూన్ చాలాచోట్ల 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. ఉప్పు సంగతి ఇంకా ముఖ్యం: టీస్పూన్ మెత్తటి ఉప్పు దాదాపు 6 గ్రాములు తూగితే, రేకులుగా ఉండే కొన్ని ఉప్పులు అందులో సగమే తూగుతాయి. ఓవెన్‌లో అంకె 350 అని ఉంటే అది ఫారెన్‌హీట్, అంటే సెల్సియస్‌లో దాదాపు 177.

గ్రాముల తూకం యంత్రం ఒకటి కొనండి. వంటింట్లోకి ఏం కొనాలని అడిగిన ప్రతి ఒక్కరికీ నేను ముందు చెప్పేది ఇదే. ఇంకొకటి కొని ఇంటికి పంపండి. అమ్మను "ఎంత వేస్తావు?" అంటే "చూసి వేస్తాను, గుప్పెడు" అంటుంది. ఆ గుప్పెడు ఎంతో ఫోన్‌లో చూస్తూ తూకం వేయించాను. అమ్మ గుప్పెడు 41 గ్రాములు, నాది 58. నా వంట ఏడాదిగా ఎందుకు ముద్దగా వస్తోందో ఆ పూట తేలిపోయింది. అలా ఒక్కో వంటకు ఒక్కో కాగితం రాసుకుని అలమర తలుపుకు అంటించాను.

పెరుగు తోడుకోదు

పాలు తోడుకోవడానికి 40 నుంచి 45 డిగ్రీల వేడి కావాలి, అది ఆరేడు గంటలు నిలవాలి. 18 డిగ్రీల వంటింట్లో రాత్రి తోడు పెట్టి పొద్దున చూస్తే పాలు పాలుగానే ఉంటాయి. ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి అందులో పెట్టండి, లేదా గిన్నెకు దళసరి తువ్వాలు చుట్టి మూత గట్టిగా ఉండే పెట్టెలో, పక్కన వేడినీళ్ల సీసాతో ఉంచండి.

వేడి సరిగానే ఉన్నా తోడుకోకపోతే తోడును అనుమానించాలి. కొన్ని పెరుగులను తయారయ్యాక మళ్లీ వేడి చేసి అమ్ముతారు, వాటిలో సూక్ష్మజీవులు బతికి ఉండవు. డబ్బా మీద జీవించి ఉన్న కల్చర్ అని రాసి ఉన్నదే తీసుకోండి. పలచగా వస్తే పాలను 85 డిగ్రీల దాకా కాచి కొన్ని నిమిషాలు అదే వేడిలో ఉంచి చల్లార్చండి, గట్టిపడుతుంది. చల్లని అరలో కాకుండా బయట పెట్టి అమ్మే పాల డబ్బా యూహెచ్‌టీ. దాన్ని అప్పటికే 135 డిగ్రీలకు పైగా కొన్ని సెకన్లు కాచి ఉంటారు, గోరువెచ్చన చేస్తే చాలు. ఆ పాలలో తగిలే కాచిన వాసన ఆ వేడి వల్ల వచ్చిందే. ఎంత కాచినా మీగడ దళసరిగా కట్టకపోతే అది కల్తీ కాదు, హోమోజినైజ్ చేసిన పాలు. వాటిలో కొవ్వు చిన్న చుక్కలై పాలంతా కలిసిపోయి ఉంటుంది.

ఇంటి నుంచి తెచ్చిన కరెంటు కుక్కర్ వేడెక్కదు, లేదా మాడిపోతుంది

ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్ కరెంటును మార్చదు. 230 వోల్టుల కోసం చేసిన హీటర్‌ను అమెరికా, కెనడాల్లోని 120 వోల్టులకు పెడితే శక్తి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. 1,000 వాట్ల కుక్కర్ 270 వాట్ల దీపంలా కూర్చుంటుంది. తిరగేసి 120 వోల్టులదాన్ని 230కి పెడితే శక్తి మూడున్నర రెట్లు దాటుతుంది, పొగ వస్తుంది. జపాన్‌లో 100 వోల్టులే. ఛార్జర్ మీద 100-240 అని ఉంటే భయం లేదు. వేడి చేసే సామాను మాత్రం అక్కడే కొనుక్కోండి, ట్రాన్స్‌ఫార్మర్ బరువు, ఖర్చు రెండూ దండగ.

ఇండక్షన్ పొయ్యి గిన్నెను పట్టించుకోకపోతే అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కోకపోతే ఆ గిన్నె పనికిరాదు. నూనె వేడెక్కగానే పొగ అలారం మోగుతుందా? చాలా అద్దె ఇళ్లలో పొయ్యి మీది హుడ్ గాలిని బయటికి పంపదు, వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. కిటికీ తెరిచి, మూత పెట్టి వండండి. అలారం మాత్రం ఊడదీయకండి.

అదే కంపెనీ, అదే పొట్లం, వేరే రుచి

ఒకే పేరుతో అమ్మినా దేశానికో తయారీ ఉంటుంది. పాల చాక్లెట్ అనిపించుకోవడానికి యూరోపియన్ యూనియన్‌లో సాధారణంగా కనీసం 25 శాతం కోకో ఘనపదార్థం ఉండాలి, అమెరికాలో 10 శాతం చాక్లెట్ లిక్కర్ (మద్యం కాదు, కోకో గింజలను నూరిన ముద్ద) ఉంటే చాలు. లేబుల్ చదివి దగ్గరిదాన్ని వెతుక్కోవాలి. ఇంటి నుంచే తెప్పించుకోవాలనుకుంటే ముందు నిబంధనలు చూడండి. యూనియన్‌లోకి బయటి దేశాల ప్రయాణికులు సామానులో మాంసం, పాల పదార్థాలు తేవడం, కొన్ని మినహాయింపులు తప్ప, కుదరదు. చాలా రకాల తాజా పండ్లు, కూరగాయలు, విత్తనాలకు 2019 డిసెంబర్ నుంచి ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే వాటికి పురుగు, తెగులు లేవని చెప్పే ధ్రువపత్రం, కావాలి. ఏ దేశమైనా సరే, అనుమానం ఉన్నదాన్ని దాచకుండా ఫారంలో రాసి చూపించండి. అప్పుడు పోతే పొట్లమే పోతుంది.

అన్నీ సరిచేసినా ఏదో తక్కువ

ముక్కు సంగతి చూడండి. చలికాలంలో హీటర్ నడిచే ఇంట్లో గాలి ఎండిపోయి ముక్కు కూడా ఎండుతుంది, వాసన తెలియక రుచి తగ్గుతుంది. గదిలో తేమ పెంచితే తేడా ఉంటుంది. పొడి కొట్టి నెలలైన మసాలాలు పారేసి, గింజలుగా కొని అప్పటికప్పుడు వేయించి దంచుకోండి.

అదీ కాకపోతే మీకు కావలసింది వంట కాదు. ఇల్లు విడిచిన బాధకు "నోస్టాల్జియా" అని పేరు పెట్టింది యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, 1688లో, బాసెల్‌లో. ఆయన దాన్ని జబ్బుగానే రాశాడు. నేను జబ్బు అనను గానీ, పప్పు నీళ్లు మార్చినంత మాత్రాన ఇది తీరదు. ఒంటరిగా, నిలబడి, ఫోన్ చూస్తూ తిన్న అన్నానికి ఏ మసాలా చాలదు. రోజూ కుదరకపోతే వారానికి ఒక పూట చూసుకోండి. ఇంట్లో వాళ్లు కూర్చునే వేళకు మీ వేళ కలిసే పూట, అది మీకు పొద్దున ఫలహారం కావచ్చు, వాళ్లకు రాత్రి భోజనం కావచ్చు. ఫోన్‌ను గ్లాసుకు ఆనించి ఎదురుగా పెట్టుకోండి. మాట్లాడాలని లేదు. వాళ్ల గిన్నెల చప్పుడు వినపడితే చాలు. పక్క గదిలో మీలాగే వేరే దేశం నుంచి వచ్చి నిలబడి తినే మనిషి ఉంటే, ఇంకో కంచం పెట్టండి.