శ్రావణం ఆఫర్లకు చెక్కు రాసే ముందు: మొదటి ఇల్లు కొనేవాళ్లకు జాగ్రత్తలు

ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మడం) పేరుతో వందల మంది దగ్గర డబ్బు కట్టించుకుని, పునాది కూడా తవ్వకుండా బిల్డర్లు చేతులెత్తేసిన వార్తలు హైదరాబాద్‌లో వస్తూనే ఉన్నాయి. ఆషాఢం వెళ్లిందంటే దీపావళి దాకా కొనుగోళ్ల కాలం. ఏరియా, వాస్తు, స్కూలు ఎంత దూరం, ఇవన్నీ మీరు ఎలాగూ చూసుకుంటారు. మనుషుల్ని నిలువునా ముంచే తప్పు మాత్రం ఒకటుంది: రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు రాకముందే డబ్బు కట్టడం.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో చూడండి. భూయజమానికి కొంత అడ్వాన్సు ఇచ్చి బిల్డర్ డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ (కట్టిన ఫ్లాట్లు ఇద్దరూ పంచుకునే ఒప్పందం) రాయించుకుంటాడు. అప్పటికి ప్లాను మంజూరు కాలేదు, ఒక్కోసారి దరఖాస్తు కూడా పెట్టలేదు. చుట్టుపక్కల చదరపు అడుగు 7,000 ఉంటే, మొత్తం ఒకేసారి కడితే 4,500కే అంటాడు. మీరు కట్టిన డబ్బే భూమికి, కమీషన్లకు, పాత ప్రాజెక్టులో మిగిలిన పనికి పోతుంది. కొత్త కస్టమర్లు తగ్గిన రోజున అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. రెరా చట్టం ప్రకారం కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టుకే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. రిజిస్ట్రేషనే లేని ప్రాజెక్టుకు ఆ ఖాతా ఎక్కడుంటుంది?

చేతికిచ్చే కాగితం తీరిగ్గా చదవండి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ‘అనుమతులు వచ్చిన తేదీ నుంచి 36 నెలల్లో అప్పగిస్తాం’ అని ఉంటుంది. అనుమతులు ఎప్పుడొస్తాయో ఉండదు. అంటే ఆ గడువు మొదలయ్యే రోజే లేదు.

‘అన్‌డివైడెడ్ షేర్ (విడదీయని భూమిలో వాటా) రిజిస్టర్ చేసిస్తాం, భయమెందుకు’ అన్నా ఆగండి. 5 ఎకరాలంటే 24,200 గజాలు. 1,000 మందికి అమ్మితే మీ వంతు 24 గజాలు, అదీ ఎక్కడుందో గీత గీసి చూపించలేనిది. ప్లాను రాకపోతే మిగతా 999 మంది సంతకాలు లేకుండా ఆ భూమిని ఏమీ చేయలేరు.

‘రెరాకు అప్లై చేశాం, నంబరు వారంలో వస్తుంది’ అంటారు. అప్లై చేయడం వేరు, నంబరు రావడం వేరు. నంబరు లేకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం కూడా చట్టవిరుద్ధమే. వచ్చిందంటే మీరే తెలంగాణ రెరా లేదా ఏపీ రెరా వెబ్‌సైట్‌లో వెతికి, సర్వే నంబర్లు, మంజూరైన అంతస్తులు, పూర్తి చేయాల్సిన తేదీ బ్రోషర్‌తో సరిపోల్చండి. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 8 ఫ్లాట్లకు మించని చిన్న అపార్ట్‌మెంట్లకు రెరా అక్కర్లేదు. అక్కడ మున్సిపల్ అనుమతి కాపీయే ఆధారం.

రెరా నంబరు ఉన్నా, అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడగకూడదు. అడిగితే ఇవ్వకండి.

కాగితాల సంగతి

ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాలి. అయితే ఈసీలో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలే. కోర్టు కేసులు, రిజిస్టర్ కాని ఒప్పందాలు, పన్ను బకాయిలు అందులో ఉండవు. అందుకే లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) కనీసం 30 ఏళ్ల వెనక్కి కావాలి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు) ఉందేమో, అసైన్డ్ భూమేమో (ప్రభుత్వం పేదలకిచ్చింది) చూడాలి. ఉత్త జీపీఏతో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

చాలామంది అడగనివి రెండున్నాయి. ఒకటి, అనుమతి ఇచ్చేటప్పుడు మున్సిపాలిటీ బిల్టప్ ఏరియాలో 10 శాతాన్ని, సాధారణంగా కింది అంతస్తుల్లో, తన పేర తనఖా పెట్టించుకుంటుంది. ఓసీ (భవనంలో ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాకే వదులుతుంది. మీ ఫ్లాట్ ఆ 10 శాతంలో ఉందా? రెండు, భూయజమాని వాటాకు ఏ ఫ్లాట్లు, బిల్డర్ వాటాకు ఏవి? ఆ పంపకం సప్లిమెంటరీ అగ్రిమెంట్‌లో నంబర్లతో సహా ఉంటుంది. యజమాని వాటా ఫ్లాట్‌ను బిల్డర్ అమ్మేస్తే ఆ గొడవ మీ తలకే చుట్టుకుంటుంది.

బ్యాంకు లోన్ ఇచ్చింది కాబట్టి కాగితాలు క్లీన్ అనుకోవద్దు. బ్యాంకు లాయరు బ్యాంకు కోసం చూస్తాడు. బిల్డర్ చూపించిన లాయరు కాకుండా మీ లాయర్ని పెట్టుకోండి.

స్థలం

2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), బఫర్ (ఆ హద్దు చుట్టూ కట్టడాలు వద్దన్న స్థలం) అనే మాటలు ఇంటింటికీ తెలిశాయి. 10 హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్. ఎండాకాలంలో చెరువు కూడా మైదానంలాగే ఉంటుంది కాబట్టి ఈ వానల్లోనే వెళ్లి చూడండి. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లోని మ్యాపు మీద మీ సర్వే నంబరు ఎక్కడుందో గుర్తించండి. నాలా ఎటు పోతుందో ఆ ఊరి పాతవాళ్లను అడగండి.

డబ్బు

80 లక్షల ఫ్లాట్‌కు బ్యాంకు ఇచ్చేది గరిష్ఠంగా 80 శాతం, అంటే 64 లక్షలు. మీ చేతి నుంచి 16 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అది 6 లక్షలు. ఇంకా కడుతున్నదైతే 5 శాతం జీఎస్టీ, 4 లక్షలు. మొత్తం 26 లక్షలు కావాలి. కార్పస్ ఫండ్ (అపార్ట్‌మెంట్ నిర్వహణ నిధి), పార్కింగ్, కప్‌బోర్డులు ఇందులో లేవు. ఓసీ వచ్చిన ఫ్లాట్‌కు జీఎస్టీ ఉండదు.

ఇక మిగిలినవి వరసగా.

ధర కార్పెట్ ఏరియా (ఫ్లాట్ లోపల వాడుకునే స్థలం) మీద లెక్కేసి పోల్చండి, సూపర్ బిల్టప్ (మెట్లు, కారిడార్ల వంతు కూడా కలిపింది) మీద కాదు.

20,000, అంతకు మించి నగదు ఇవ్వొద్దు. బ్లాకులో ఇచ్చింది రేపు రీఫండ్ అడిగితే మీరు ఇచ్చినట్టే ఉండదు.

రెరా నంబరు లేని ప్రాజెక్టుకు టోకెన్ కూడా వద్దు. ‘రీఫండబుల్’ అని రసీదు మీద రాసినా వద్దు.

పొజెషన్ దాకా ఈఎంఐ మేమే కడతాం అంటే ఒప్పుకోవద్దు. లోన్ మీ పేర ఉంటుంది. వాళ్లు ఆపిన నెలే మీ సిబిల్ స్కోరు పడిపోతుంది.

కట్టిన అంతస్తును బట్టే బ్యాంకు చేత డబ్బు విడుదల చేయించండి.

ప్రీలాంచ్ కోసం గోల్డ్ లోన్, పర్సనల్ లోన్ తీయొద్దు. హోమ్ లోన్ ఇవ్వడానికి బ్యాంకు వెనకాడుతోందంటే కారణం కాగితాల్లోనే ఉంది.

50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల ఆదాయపన్ను కింద ముందే కోసేది) కోసి కట్టాల్సింది మీరే. అమ్మేవాళ్లు ఎన్‌ఆర్‌ఐ అయితే ఆ 1 శాతం లెక్క పనికిరాదు. ఆడిటర్‌ని అడక్కుండా డబ్బు పంపొద్దు.

ఓసీ లేకుండా గృహప్రవేశం వద్దు. ముహూర్తం మళ్లీ పెట్టించుకోవచ్చు.

బంధువు చెప్పాడని, తోటి ఉద్యోగులు పదిమంది కట్టారని కట్టొద్దు. ప్రీలాంచ్ ఏజెంట్లలో సొంతవాళ్లే ఎక్కువ. నంబరు అడగండి. లేదంటే లేచి రండి.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఊళ్లో వాళ్లకు జనరల్ పవర్ ఇవ్వొద్దు. ఆ ఒక్క ఫ్లాట్‌కే పరిమితమైన స్పెషల్ పవర్ రాయించి, కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపండి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించండి.