సకినాల డబ్బాతో కోనసీమకు: చుట్టాలింటికి కారు ప్రయాణం ఎలా చేయాలి?

మా అత్తగారిది వరంగల్ వైపు. మా పెద్దమ్మ ఉండేది అమలాపురం దగ్గర ఒక పల్లెలో. ఏటా సంక్రాంతికి మేమిద్దరం, అత్తగారు, ఇద్దరు పిల్లలు హైదరాబాదు నుంచి కారులో పెద్దమ్మ ఇంటికి వెళ్తాం. సుమారు 440 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే తొమ్మిది పది గంటలు. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటే: దారి ఎలాగూ సాగిపోతుంది, మనం వెళ్ళడం వల్ల ఆ ఇంటి పెద్దావిడకు పని పెరిగిందా, తగ్గిందా అన్నదే చూసుకోవాలి. కింద రాసినవన్నీ ఆ ఆలోచనతో మేము చేసే పనులు.

వారం ముందు: ఫోను చేయండి, ప్రశ్న మార్చి అడగండి

“ఏం తెమ్మంటావు పెద్దమ్మా?” అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: “ఏమీ వద్దమ్మా, మీరు వస్తే చాలు.” అందుకని ఇప్పుడు “ఈసారి ఏం చేస్తున్నావు పెద్దమ్మా?” అని అడుగుతున్నాను. అప్పుడు అరిసెలు, పోకుండలు, జంతికలు అంటూ అన్నీ చెబుతుంది. ఆ జాబితాలో ఉన్నవి మేము చేయం. కోనసీమకు అరిసెలు మోసుకెళ్ళి ఏం లాభం? అక్కడ ఎవరూ చేయనిది, మా ఇంట్లో బాగా కుదిరేది సకినాలు. అవే తీసుకెళ్తాం.

అదే ఫోనులో ఆరోగ్యం సంగతీ కనుక్కోండి. పెదనాన్నకు చక్కెర వ్యాధి ఉంది. అందరూ మిఠాయిలు తింటుంటే ఆయన చూస్తూ కూర్చోవడం నాకు బాధగా ఉండేది. ఇప్పుడు ఆయన కోసం నువ్వుల పొడి, కరివేపాకు పొడి విడిగా చిన్న సీసాల్లో తీసుకెళ్తున్నాం. మొదటి ముద్ద ఆ పొడితో, నెయ్యితో కలుపుకుంటారు.

రెండు మూడు రోజుల ముందు: ఇచ్చే పిండివంట

సకినాలకు బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. అందులో నువ్వులు, వాము, ఉప్పు వేసి నీళ్ళతో మెత్తగా కలుపుతారు. నూలు బట్ట పరిచి, పిండిని వేళ్ళ మధ్య నుంచి సన్నని తాడులా వదులుతూ చుట్టు మీద చుట్టు వేయడం మా అత్తగారి చేతిలో చూడాలి. బొటనవేలు, చూపుడువేలు పిండిని మెలితిప్పుతూనే ఉంటాయి, చుట్టు ఎక్కడా తెగదు. బట్ట తడి పీల్చుకుని సకినం కాస్త గట్టిపడ్డాకే నూనెలోకి జార్చాలి. తొందరపడి తీస్తే విరిగిపోతుంది.

వేయించాక పూర్తిగా చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే మూత పెడితే ఆవిరి లోపలే నీరై, మర్నాటికి మెత్తబడతాయి. వెడల్పాటి స్టీలు డబ్బాలో పడుకోబెట్టి, వరసకూ వరసకూ మధ్య పొడి నూలు బట్ట వేయండి. వార్తాపత్రికలు వేయకండి, సిరా పదార్థానికి అంటుతుంది. డబ్బా నిండకపోతే పైన ఇంకో బట్ట కుక్కండి. లోపల కదలకుండా ఉంటే గోతుల్లోనూ విరగవు.

పచ్చడి తీసుకెళ్తుంటే సీసాను మెడ దాకా నింపకండి. ఒక ఏడాది ఎండకు వేడెక్కిన కారులో గోంగూర పచ్చడి నూనె మూత సందులోంచి కారి, పెద్దమ్మ కోసం కొన్న చీర మీద మరక పడింది. అప్పటి నుంచి రెండు వేళ్ళ జాగా వదులుతున్నాం. మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి, సీసాను గిన్నెలో నిలబెట్టి, బట్టల సంచులకు దూరంగా పెడుతున్నాం.

దారి భోజనం: పులిహోర, దద్ధోజనం

దారిలో తినేదీ చుట్టాలకు ఇచ్చేదీ ఒకే సంచిలో పెట్టకండి. పిల్లలు ఆకలి అన్నప్పుడల్లా ఆ డబ్బా మూతే తెరుస్తాం, చేరేసరికి సగం అవుతుంది.

వండిన పదార్థాలు 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో ఉంటే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. అందుకే పప్పు, కూరలు, మాంసం లాంటివి రెండు గంటలకు మించి బయట ఉంచకూడదంటారు. పులిహోర నిలబడటానికి కారణం చింతపండు పులుపు, తక్కువ తేమ. ఐదారుగురికి అర కిలో బియ్యం, వంద గ్రాముల లోపు చింతపండు సరిపోతాయి. గుజ్జును పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపుతో నూనె తేలే దాకా ముందురాత్రే ఉడికించి పెట్టుకోండి. అన్నం మాత్రం బయలుదేరే రోజు తెల్లవారుజామునే వండండి. వెడల్పు పళ్ళెంలో ఆరబోసి, నువ్వుల నూనె చల్లి, చల్లారాక గుజ్జు, ఉప్పు, ఇంగువ పోపు, కాస్త ఆవపిండి కలపండి. వేయించిన పల్లీలు విడిగా పొట్లం కట్టి తినేముందు కలిపితే కరకరలాడతాయి. ఎంత పులిహోరైనా మధ్యాహ్నానికి తినేయాల్సిందే.

దద్ధోజనానికి మెత్తని అన్నంలో కాచిన పాలు ఎక్కువగా పోసి, గోరువెచ్చగా అయ్యాక రెండు చెంచాల పెరుగే వేయండి. బండి కదలికలోనే తోడుకుని భోజనం వేళకు తియ్యగా ఉంటుంది. పొద్దున్నే పెరుగంతా కలిపితే మధ్యాహ్నానికి పుల్లబడి పిల్లలు తినరు.

బండి

టైర్ల గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూపించండి. నిండు బరువుకు ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితం మీద ఉంటుంది. స్పేరు టైరుకూ చూపించండి. ఫాస్టాగ్‌లో ముందురోజే డబ్బు వేసుకోండి, అది పనిచేయకపోతే టోల్ ఎక్కువ పడుతుంది. తరచూ జాతీయ రహదారుల మీద తిరిగేవారికి 2025 ఆగస్టు 15న వార్షిక పాస్ వచ్చింది. మొదలైనప్పుడు ధర 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే పిలవాల్సిన నంబరు 1033.

ఏ రోజు, ఏ వేళకు?

భోగికి ముందురోజు బయలుదేరితే చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు వద్దే ఓపిక అయిపోతుంది. సెలవు దొరికితే రెండు మూడు రోజుల ముందే వెళ్ళండి. రద్దీ తప్పించుకోవడానికి చాలామంది మూడింటికే లేచి బయలుదేరతారు. నేను ఒప్పుకోను. జనవరి తెల్లవారుజామున మంచు కమ్ముకుని ముందు లారీ వెనక దీపాలు కూడా దగ్గరికి వెళ్ళేదాకా కనిపించవు, పైగా నడిపేవారికి నిద్ర చాలదు. మేము ఆరింటికి బయలుదేరి, సూర్యాపేట దాటే వరకు నెమ్మదిగా వెళ్తాం. రెండు గంటలకు ఒకసారి ఆపి అందరం దిగి నడుస్తాం.

కారులో కడుపు తిప్పే పిల్లలకు బయలుదేరే ముందు పాలు తాగించకండి. గుప్పెడు మరమరాలు చాలు. ఫోను ఇవ్వకుండా కిటికీలోంచి దూరంగా చూడమనండి. మా చిన్నదానికి ఎండబెట్టిన ఉప్పు ఉసిరి ముక్క బుగ్గన పెడతాం.

విజయవాడ దాటి, హనుమాన్ జంక్షన్ తరవాత నీడ చూసుకుని, రోడ్డుకు బాగా పక్కగా ఆపి భోజనం చేస్తాం. చేతులు కడుక్కోవడానికి ఒక క్యాను నీళ్ళు విడిగా ఉంచండి. చెత్త వేసుకోవడానికి ఒక సంచి ఉంచుకుని మీతోనే తీసుకెళ్ళండి.

ఎప్పుడు చేరతారో నిజం చెప్పండి

మిగతావి మరిచినా ఇది మరవకండి. ఒక ఏడాది “మధ్యాహ్నానికి వచ్చేస్తాం” అని చెప్పి నాలుగింటికి చేరాం. వెళ్ళేసరికి వసారాలో అరటి ఆకులు వేసి ఉన్నాయి, అంచులు వాడిపోయాయి. గుత్తివంకాయ కూర చల్లారిపోయింది. పెద్దమ్మ, పెదనాన్న ఇద్దరూ తినలేదు. చక్కెర వ్యాధి ఉన్న మనిషి నాలుగింటి దాకా ఆకలితో కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు, కాళ్ళు కడుక్కోండమ్మా అన్నారు. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

అందుకే ఇప్పుడు ముందే గట్టిగా చెబుతాం: “దారిలో తినేసి వస్తాం పెద్దమ్మా, మీరు వేళకు తినేయండి. రాత్రికి అందరం కలిసి తిందాం.” తణుకు దాటాక మళ్ళీ ఒక ఫోను. సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరి కనిపించగానే పిల్లలే మాట్లాడతారు. రావులపాలెం, కొత్తపేట మీదుగా ఇక ఎంతో దూరం ఉండదు.

చేరాక

డబ్బాలు బల్ల మీద పెట్టేసి ఊరుకోకండి. పెద్దావిడ చేతికే ఇచ్చి, ఏది ముందు తినాలో, ఏది పది రోజులు ఉంటుందో చెప్పండి. మొదటి పూట వడ్డన, గిన్నెలు కడగడం మీరే అందుకోండి. “కూర్చోండమ్మా, అలిసిపోయారు” అన్నా కూర్చోకండి. మా అత్తగారు రెండో రోజు పొద్దున పెద్దమ్మ వంటింట్లోనే బట్ట పరిచి సకినాలు చుట్టడం నేర్పారు. పెద్దమ్మ చుట్టినవి మొదట తెగాయి. నాలుగోది నిలిచింది. దాన్ని వేయించి పెదనాన్నకే ముందు పెట్టింది.

తిరుగు ప్రయాణానికి డిక్కీలో సగం ఖాళీ ఉంచుకోండి. మన వైపు గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వరు. పేరు కొట్టించిన మా సకినాల డబ్బా ప్రతిసారీ అరిసెలతో తిరిగి వస్తుంది. అరటి గెల, కొబ్బరికాయలు కూడా ఎక్కిస్తారు. కొబ్బరికాయలను వెనక అద్దం దగ్గర అరమీద పెట్టకండి, గట్టిగా బ్రేకు వేస్తే ఎగిరి ముందున్నవారి తలకు తగులుతాయి. గోనెసంచిలో మూతి కట్టి డిక్కీ అడుగున పెట్టండి. ఇంటికి చేరగానే, సామాను దించకముందే ఫోను చేయండి. అక్కడ వాళ్ళు ఇంకా పడుకుని ఉండరు.