వాల్వు ఆంప్‌లో గుయ్‌మనే మోత పోయింది ఇలా

నాలుగు ఈఎల్84 వాల్వులున్న (స్పీకరుకి బలమిచ్చే గాజు గొట్టాలు) పాత గిటార్ ఆంప్ నాది. వాల్యూమ్ సున్నాకి తిప్పినా గుయ్‌మని ఒకటే మోత. గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచే ముందువరస వాల్వులు, ఈసీసీ83లు, పీకి చూశాను, తగ్గలేదు. అంటే గోల పవర్ సప్లైలోనో, అవుట్‌పుట్ వైపో ఉండాలి.

మా పర్లాకిమిడిలో పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన చెవి ఒగ్గి విని, "బాబూ, ఇది యాభై కాదు, వంద. ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయి" అన్నారు. ఎంత గొప్ప చెవి! మన కరెంటు 50 హెర్ట్జ్, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ దాటాక అలలు 100 అవుతాయి. వాటిని చదును చేసేది ఆ కెపాసిటర్లే.

ప్లగ్ తీసేసినా వాటిలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు, ప్రాణాలు పోతాయి. రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాం. విశాఖ నుంచి 500 వోల్టుల కొత్త కెపాసిటర్లు తెప్పించి వేశాం. మైక్రోఫారడ్లు మాత్రం పాత లెక్కే. ఇందులో రెక్టిఫయర్ కూడా వాల్వే, జీజెడ్34. దాని వెంటనే వచ్చే మొదటి కెపాసిటర్ 60 మైక్రోఫారడ్లకు మించితే ఆ వాల్వుకే చేటు.

సర్క్యూట్ కూడా మార్చెయ్యమన్నవాళ్లున్నారు, నేను ఒప్పుకోలేదు. పేరున్న వాక్స్ ఏసీ30 ఆంప్‌లోనూ నాలుగు ఈఎల్84లే. షాడోస్ బ్యాండ్ గిటారిస్టు హాంక్ మార్విన్ తేటగా మోగించిందీ, క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే వాల్యూమ్ పూర్తిగా పెంచి గర్జింపజేసిందీ ఆ ఆంప్‌నే! అలాంటి గొంతుని చెడగొట్టుకుంటామా?

మోత ఇప్పుడు లేదు. ఈఎల్84ల గుండా ఎంత కరెంటు పారాలో నిర్ణయించే కేథోడ్ రెసిస్టర్ కూడా కొలిచాం, విలువ సరిగ్గానే ఉంది, దాన్ని అలాగే ఉంచేశాం.