బిడ్డ జనన ధ్రువపత్రం: తండ్రి వచ్చేదాకా ఆగొద్దు

2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి, ఆధార్, పాస్‌పోర్టు, ఓటు అన్నిటికీ పుట్టిన తేదీకి, చోటికి రుజువు జనన ధ్రువపత్రం ఒక్కటే. భర్త వదిలేసిన ఇళ్లలో, గల్ఫ్ నుంచి చంటిబిడ్డతో తిరిగొచ్చినవాళ్ల ఇళ్లలో ఇదే లేకుండా పోతోంది. తల్లి ఒక్కతే వెళ్లి తెచ్చుకోవచ్చు. పెళ్లికాని తల్లి అఫిడవిట్ ఇస్తే చాలని, తండ్రి పేరు కోసం పట్టుబట్టకూడదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది.

విశాఖలో కేజీహెచ్‌లోనో ఘోషాసుపత్రిలోనో పుడితే వివరాలు పంపాల్సింది ఆసుపత్రి వాళ్లే. డిశ్చార్జికి ముందు ఫారంలో తల్లి పేరు చదివించుకోండి. ఫారంలో ‘షేక్ ఫాతిమా’, ఆధార్‌లో ‘ఫాతిమా బీ’, నిఖానామా(పెళ్లి పత్రం)లో ‘ఫాతిమా బేగం’ అని ఉంటే, ముగ్గురూ ఒక్కరేనని నిరూపించడానికి తర్వాత నెలలు పడుతుంది. బారసాల, అఖీఖా (ముస్లింల ఇళ్లలో బిడ్డ పుట్టాక చేసే వేడుక) అయ్యేదాకా ఆగకండి. పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోపు ఉచితంగా, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా రుసుము కట్టి పేరు ఎక్కించుకోవచ్చు.

21 రోజుల్లోపు నమోదు ఉచితం. 30 రోజుల దాకా ఆలస్య రుసుము. ఏడాదిలోపైతే అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే కలెక్టర్ గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ గానీ, కలెక్టర్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ ఆర్డర్ ఇవ్వాలి. పని చెడేది ఎక్కువగా ఇక్కడే.

ముందు, రిజిస్టరులో ఆ జననం నమోదు కాలేదని ‘నాన్ అవైలబిలిటీ’ పత్రం తీసుకోవాలి. విశాఖ నగరంలో పుడితే నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఇస్తుంది. మీరు ఎక్కడ ఉంటున్నారన్నది కాదు, బిడ్డ ఎక్కడ పుట్టిందన్నదే లెక్క. చేపల వేటకు వెళ్లిన కుటుంబంతో పూరీలో ఉండగా పుట్టిన బిడ్డకు పూరీలోనే దరఖాస్తు చేయాలి. ‘ఇక్కడే విశాఖ జాలారిపేటలో పుట్టిందని రాయించేయండి’ అని ఎవరన్నా చెబితే వినకండి. తప్పుడు వివరం ఇవ్వడం శిక్షార్హం. రేపు పాస్‌పోర్టు విచారణలో ఇబ్బంది పడేది బిడ్డే.

రుజువుగా డిశ్చార్జి చీటీ, టీకాల కార్డు, అంగన్‌వాడీ రిజిస్టరు నకలు పెట్టండి. ఇంట్లో కాన్పయితే ఏఎన్ఎం రాసిచ్చిన కాగితం బలంగా పనిచేస్తుంది. అన్నిట్లో తేదీ ఒకటే ఉండాలి. చాలామందికి ఆధార్‌లో అందాజాగా ‘జనవరి 1’ వేసేసి ఉంటుంది. దాన్ని చూసి దరఖాస్తులో జనవరి 1 రాయకండి. టీకాల కార్డులో ఉన్న అసలు తేదీతో ధ్రువపత్రం తెచ్చుకుని, తర్వాత ఆధార్ సరిచేయించండి.

జనన ధ్రువపత్రం ఒక్కదానితో పౌరసత్వం రుజువైపోదు. 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టినవాళ్లకు దాదాపుగా పుట్టుకే చాలు. ఆ రోజు నుంచి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు కూడా. కాబట్టి తల్లి జనన పత్రం, బడి టీసీ బిడ్డ ఫైల్లోనే ఉంచండి. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టమే చెబుతోంది. తండ్రి విదేశీయుడైతే, బిడ్డ పుట్టిన రోజుకి చెల్లుతున్న ఆయన వీసా పేజీ నకలు తీసి దాచండి. ఆయన వెళ్లిపోయాక అది దొరకదు.

గల్ఫ్‌లో కాన్పయితే తల్లి భారతీయురాలైతే చాలు. కానీ ఏడాదిలోపు అక్కడి భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి.

వేరే దేశం నుంచి వచ్చిన కోడలు ఏడేళ్లు ఇక్కడ ఉన్నాక పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఇక్కడి నుంచి లిఖితపూర్వక ఆమోదం రాకముందే పాత పౌరసత్వం వదులుకుంటే ఆమె ఏ దేశానికీ చెందనిదైపోతుంది. ఇందులో తొందరపడనివ్వకండి.

ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసాయం ఉచితం. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. రిజిస్ట్రార్ కుదరదంటే నోటిమాటతో వెనక్కి రాకండి, కారణం కాగితం మీద రాయించుకోండి. దాని మీద అప్పీలుకు 30 రోజులే గడువు.